సాఫ్ట్‌బాల్ పిచర్ ఎత్తు, కాలేజీ కోచ్‌ల లెక్కలు

అమెరికాలో సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలున్న తెలుగు ఇళ్ళలో, అమ్మాయి పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసిరే పని) మొదలుపెట్టిన రెండు మూడేళ్ళకు ఒక ప్రశ్న తప్పకుండా తలెత్తుతుంది. ఈ ఎత్తుతో కాలేజీ జట్టులో చోటు దొరుకుతుందా? మన ఇళ్ళలో 5 అడుగుల 3 అంగుళాలో 4 అంగుళాలో ఉన్న ఆడపిల్లను మంచి ఎత్తరి అనే అంటారు. అదే పిల్ల ఇక్కడ ఒక పెద్ద టోర్నమెంటులో అవతలి జట్టు పిచర్ పక్కన నిలబడితే ఆమె భుజం దగ్గరే ఆగిపోతుంది. మా అమ్మాయి ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, ఇక పెరిగే వయసు కాదు. డాలస్ చుట్టుపక్కల ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే క్లబ్ జట్ల ఆట) ఆడుతున్న ఆ పిల్ల వెంట ఇన్నేళ్ళుగా మైదానాలు తిరుగుతూ, కోచ్‌లతోనూ తోటి తల్లిదండ్రులతోనూ మాట్లాడుతూ తెలుసుకున్నది ఇదే దారిలో ఉన్న మిగతావారికి పనికొస్తుందని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎత్తు వల్ల పిచర్‌కు కలిగే లాభం నిజమైనదే, కానీ అది కొలతకు అందే లాభం, దానిలో కొంత భాగాన్ని శ్రమతో సంపాదించుకోవచ్చు. కోచ్‌లు ఎత్తుకు కట్టే విలువలో మిగిలిన భాగం, పిల్ల ఇంకా తయారు కాకముందే ఆమె భవిష్యత్తును ఊహించవలసి రావడం వల్ల పుట్టినది. అమ్మాయి పెద్దదవుతున్న కొద్దీ, ఆమె ఆట కళ్ళెదుట కనిపిస్తున్న కొద్దీ, ఆ రెండో భాగం కరిగిపోతుంది.

ఆట తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ చేతిని గాలిమర రెక్కలాగా భుజం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పి, తుంటి పక్కనుంచి బంతిని వదులుతుంది. పిచర్ కాలు మోపే పిచింగ్ రబ్బరు అనే పలక నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేటుకు దూరం 43 అడుగులు, అంటే బేస్‌బాల్‌లో ఉండే 60 అడుగుల 6 అంగుళాల కన్నా చాలా తక్కువ. పదేళ్ళ లోపు పిల్లలు 35 అడుగుల నుంచి, పన్నెండేళ్ళ లోపువారు 40 అడుగుల నుంచి వేస్తారు, ఆ తరువాత కాలేజీ దాకా దూరం మారదు. దూరం తక్కువ కనుక బ్యాటర్‌కు ఆలోచించుకునే వ్యవధి దాదాపు ఉండదు, ఎత్తు గురించిన చర్చ అంతా చివరకు ఈ వ్యవధి దగ్గరకే వచ్చి చేరుతుంది.

ఎత్తు రెండు చోట్ల పని చేస్తుంది. మొదటిది చేతి పొడవు. భుజం నుంచి బంతి దాకా 24 అంగుళాలున్న అమ్మాయీ 26 అంగుళాలున్న అమ్మాయీ చేతిని సరిగ్గా ఒకే వడితో తిప్పారనుకుంటే, మొదటి అమ్మాయి బంతి గంటకు 60 మైళ్ళతో వెళ్ళే చోట రెండో అమ్మాయి బంతి 65 మైళ్ళతో వెళుతుంది. ఇది వృత్తం వ్యాసార్థానికి సంబంధించిన సాధారణ గణితం. అయితే పొడుగు చేతిని అదే వడితో తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, అందుకే ఒక్కసారిగా నాలుగంగుళాలు పెరిగిన పదమూడేళ్ళ పిల్లలు కొన్నాళ్ళపాటు బంతి ఎక్కడ పడుతుందో తెలియక అవస్థ పడుతుంటారు. బలం వచ్చి చేరితే మాత్రం ఆ రెండంగుళాలు ఇచ్చే లాభాన్ని ఎవరూ కాదనలేరు.

రెండోది అడుగు పొడవు. పిచర్ రబ్బరు మీద నుంచి ముందుకు దూకి బంతి వదిలే చోటు రబ్బరుకు సుమారు 6 అడుగుల ముందుంటుందనుకుందాం. అప్పుడు బంతి ప్రయాణించేది 37 అడుగులే. గంటకు 65 మైళ్ళ బంతికి, గాలి వల్ల తగ్గే వేగాన్ని పక్కన పెడితే, దానికి పట్టే కాలం సుమారు 0.39 సెకన్లు. అదే వేగంతో ఇంకొక అడుగు ముందుకొచ్చి వదిలితే దూరం 36 అడుగులవుతుంది, బ్యాటర్‌కు అది దాదాపు 67 మైళ్ళ బంతిలా కనిపిస్తుంది. కాళ్ళు పొడుగున్న అమ్మాయికి ఈ అడుగు పుట్టుకతోనే కలిసి వస్తుంది. పొట్టి అమ్మాయి తొడల బలంతో, రబ్బరును వెనక్కి తన్నే ఒడుపుతో దాన్ని సాధించుకోవాలి.

ఇది సాధ్యమేనని నేను మా పెరట్లోనే చూశాను. మా అమ్మాయి పిచింగ్ చేసే మట్టిలో రబ్బరు దగ్గర మొదలై ముందుకు సాగే ఒక సన్నని చాలు ఉంటుంది. దూకినప్పుడు వెనక కాలి బొటనవేలు నేలను రాసుకుంటూ వెళ్ళడం వల్ల పడే చాలు అది. దాని చివర, ముందు కాలు దిగిన చోట, మడమ గుంట ఉంటుంది. టేపుతో రబ్బరు నుంచి ఆ గుంట దాకా కొలిచి ఆ అంకెను గ్యారేజీ గోడ మీద సుద్దతో రాస్తూ వచ్చాము. ఎత్తు పెరగడం ఆగిపోయాక కూడా ఆ అంకె పెరుగుతూనే ఉంది. స్క్వాట్లు, పక్కకు దూకే కసరత్తులు, బరువు బంతులు గోడకు విసరడం వంటివి చేసిన కాలమంతా అది అంగుళం అంగుళంగా ముందుకు జరిగింది. ఆ రాపిడికి బూటు ముక్కు అరిగిపోతుంది కనుక దాని మీద రబ్బరు తొడుగు వేయించవలసి వచ్చింది. పిచర్ల తల్లులందరికీ ఆ ఖర్చు తెలుసు.

ఇక్కడ క్రికెట్ తెలిసిన మనవాళ్ళు తరచుగా ఒక పొరపాటు లెక్క వేస్తారు. పొడుగాటి ఫాస్ట్ బౌలర్ బంతిని ఎత్తు నుంచి కిందికి దించుతాడు కనుక బౌన్స్ ఎక్కువ వస్తుంది, ఇక్కడా అంతే కదా అంటారు. సాఫ్ట్‌బాల్‌లో బంతి చేతిని విడిచేది తుంటి దగ్గర. పొడుగు అమ్మాయికీ పొట్టి అమ్మాయికీ తుంటి ఎత్తులో తేడా కొన్ని అంగుళాలే. పైగా ఆ తేడా ఎప్పుడూ పొడుగువారికే అనుకూలిస్తుందని కూడా చెప్పలేము. బ్యాటర్ దగ్గర కిందికి పడే డ్రాప్‌బాల్ వేయడానికి చేయి కాస్త ఎత్తులో ఉండటం మేలు. రైజ్‌బాల్‌కు మాత్రం కింది నుంచి బయలుదేరి పైకి సాగే దారి కావాలి కనుక, చేయి కిందుగా ఉండే అమ్మాయికి ఆ కోణం సహజంగా అమరుతుంది. రైజ్‌బాల్ గాలిలో నిజంగా పైకి వంగదు. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల అది పడవలసినంత కిందికి పడదు, అంచనా తప్పిన బ్యాటర్ బంతి కిందుగా బ్యాటు ఊపుతుంది. ఆ స్పిన్ పుట్టేది ముంజేయి తుంటిని రాసుకుని ఆగి మణికట్టు మెలితిరిగే క్షణంలో. దానికి ఎత్తుతో సంబంధం లేదు. చేంజప్‌కు కూడా లేదు, చేతి వడి ఏమాత్రం తగ్గినట్టు కనిపించకుండా బంతిని నెమ్మదిగా వదలగలగడం పూర్తిగా అభ్యాసంతో వచ్చేదే.

మరి కోచ్‌లు ఎత్తు వైపే ఎందుకు మొగ్గుతారు? పేర్లు చూస్తే వారిని తప్పుపట్టడం కష్టం. టెనెసీ విశ్వవిద్యాలయానికి ఆడి 2007లో ముగించిన మోనికా ఎబట్ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఆమె చేసిన 2,440 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను బంతి కొట్టనీయకుండా అవుట్ చేయడం) నేటికీ కాలేజీ రికార్డు. అరిజోనాకు ఆడిన జెనీ ఫించ్ 6 అడుగుల 1 అంగుళం, వరుసగా 60 మ్యాచులు గెలిచిన పిచర్. టెక్సస్‌కు ఆడిన క్యాట్ ఆస్టర్‌మన్‌ది కూడా ఆరడుగులు దాటిన ఎత్తే. 2025లో గంటకు 79.4 మైళ్ళ బంతి వేసి రికార్డు నెలకొల్పిన టెనెసీ పిచర్ కార్లిన్ పికెన్స్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. స్టాన్‌ఫర్డ్ నుంచి 2024లో టెక్సస్ టెక్‌కు మారుతూ 10 లక్షల డాలర్లకు పైబడిన ఒప్పందం అందుకున్న నైజరీ కెనడీది ఆరడుగులు. మరుసటి ఏడాదే ఆమె ఆ జట్టును ఓక్లహోమా సిటీలో జరిగే జాతీయ పోటీ, కాలేజీ వరల్డ్ సిరీస్, ఫైనల్స్ దాకా తీసుకెళ్ళింది. ఇంతమందిని చూసిన కోచ్‌కు పొడుగాటి పిల్ల కనిపించగానే ఆశ కలగడంలో వింత లేదు.

ఈ జాబితాలో ఒక మెలిక కూడా ఉంది. ఆస్టర్‌మన్ పేరు తెచ్చుకున్నది వేగంతో కాదు, ఆమె బంతి ఎటు తిరుగుతుందో తెలియక బ్యాటర్లు ఓడిపోయేవారు. ఆమె ఎత్తును చూసి ఆమె విజయానికి కారణం ఎత్తే అనుకుంటే, ఆమె వేళ్ళు చేసిన పనిని లెక్కలోంచి తీసేసినట్టవుతుంది. మరో సంగతి ఏమిటంటే, మనం గుర్తుంచుకునేది శిఖరాన ఉన్న పదిమందినే. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లో సుమారు 300 జట్లున్నాయి, ఒక్కో జట్టులో నలుగురైదుగురు పిచర్లుంటారు. ఆ జట్ల వెబ్‌సైట్లలో రోస్టర్లు, అంటే ఆటగాళ్ళ జాబితాలు, తిరగేస్తే 5 అడుగుల 6 అంగుళాల నుంచి 9 అంగుళాల దాకా ఉన్నవారు కొల్లలుగా కనిపిస్తారు. 5 అడుగుల 3, 4 అంగుళాలవారు తక్కువ గానీ లేకపోలేదు. రోస్టర్లలో రాసే ఎత్తుకు ఒకటీ అరా అంగుళం కలపడం ఇక్కడ మామూలే కనుక అసలు ఎత్తులు ఇంకా కాస్త తక్కువే ఉంటాయని నేను అనుకుంటాను.

ఎత్తు మీద మోజు పెరగడానికి అసలు కారణం, నా దృష్టిలో, ఎంపిక జరిగే వయసు. కొన్నేళ్ళ క్రితం దాకా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా విశ్వవిద్యాలయానికి ఆడతామని మాట ఇచ్చేవారు, కోచ్‌లు ఆ మాట తీసుకునేవారు. పదమూడేళ్ళ పిల్ల ఇరవయ్యో ఏట ఎలాంటి పిచర్ అవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ వయసులో కోచ్ కళ్ళకు కనిపించే ఆధారం ఒక్కటే, పిల్ల శరీరం. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు, చెప్పుల సైజు, అరచేతి పొడవు చూసి అంచనా వేసేవారు. ఆడపిల్లల పెరుగుదల సాధారణంగా రజస్వల అయిన రెండేళ్ళ లోపు ముగుస్తుంది కనుక, త్వరగా ఎదిగిన పిల్ల పన్నెండేళ్ళకే పెద్దదానిలా కనిపించి అందరి కళ్ళలో పడేది, ఆలస్యంగా ఎదిగే పిల్ల అదే మైదానంలో చివరి కుర్చీలో కూర్చునేది. అప్పుడు కోచ్‌లు ప్రతిభ అనుకున్నదానిలో కొంత భాగం కేవలం ముందుగా ఎదగడం.

2018లో కాలేజీ క్రీడల నియమాలు చూసే సంస్థ ఎన్‌సీఏఏ ఈ పద్ధతిని అడ్డుకుంది. డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో అమ్మాయి జూనియర్ ఏడాది, అంటే పదకొండో తరగతి, సెప్టెంబరు 1 దాకా కోచ్‌లు ఆమెతో గానీ ఆమె తల్లిదండ్రులతో గానీ చేరిక గురించి మాట్లాడకూడదు. చూడవచ్చు, రాసుకోవచ్చు, మాట్లాడకూడదు. ఈ నియమం పొట్టి పిచర్లకు చేసిన మేలు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మార్పుగా కనిపిస్తుంది. పదహారేళ్ళకు అందరి ఎత్తులూ తేలిపోయి ఉంటాయి. అప్పటికి కోచ్ ముందు ఊహకు బదులు బంతి ఉంటుంది, మంచి బ్యాటర్లు ఆ బంతిని ఎలా ఎదుర్కొన్నారన్న దాఖలా ఉంటుంది.

లీసా ఫెర్నాండెజ్ గురించి ప్రతి పిచర్ ఇంట్లోనూ చెప్పుకోవాలి. ఆమె ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. చిన్నతనంలో పేరున్న ఒక పిచింగ్ శిక్షకుడు ఆమె శరీరాకృతి చూసి, పదహారేళ్ళు దాటాక ఈ పిల్ల పెద్ద పోటీలో నిలవలేదని తేల్చి చెప్పిన సంగతిని ఆమే తరువాత పలుమార్లు చెప్పుకుంది. ఆ పిల్ల లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి ఆడుతూ 93 మ్యాచులు గెలిచి 7 మాత్రమే ఓడింది, 1990లోనూ 1992లోనూ జాతీయ టైటిళ్ళు గెలుచుకుంది, 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు అందుకుంది. సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ఒకే మ్యాచులో 25 మందిని స్ట్రైకౌట్ చేసింది. ఆమె కథలో నాకు మరీ ముఖ్యంగా తోచేది 1993 సీజన్. ఆ ఏడాది కాలేజీ ఆటలో అత్యుత్తమ పిచింగ్ సగటూ ఆమెదే, అత్యుత్తమ బ్యాటింగ్ సగటూ ఆమెదే. పిచింగ్ లేని రోజు ఆమె ఖాళీగా కూర్చోలేదు. ఎత్తు తక్కువున్న పిచర్ రెండో విద్య కూడా నేర్చుకుంటే కోచ్‌కు ఆమెను తీసుకోవడం తేలికవుతుందని నేను ఈ ఉదాహరణ వల్లనే గట్టిగా నమ్ముతున్నాను.

అయినా వేగం అనే గడప ఒకటి ఉంది, దాన్ని దాచి ఎవరినీ మభ్యపెట్టలేను. పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీ జట్ల కూటముల) కోచ్‌లు సాధారణంగా 65 మైళ్ళు, ఆపైన చూడాలనుకుంటారు. డివిజన్ 1లోనే చిన్న జట్లకు 60 దాటి నియంత్రణ బాగుంటే ఆసక్తి కలుగుతుంది. కాలేజీ కోచ్‌లు పిల్లల ఆట చూడటానికి వచ్చే షోకేస్ టోర్నమెంట్లలో హోమ్ ప్లేటు వెనక వల అవతల మడత కుర్చీలు వేసుకుని కోచ్‌లు వరుసగా కూర్చుంటారు, ఒడిలో నోటు పుస్తకం, చేతిలో వేగం కొలిచే రాడార్ గన్. మొదటి ఇన్నింగ్సులో ప్రతి బంతికీ గన్ ఎత్తుతారు. రెండో ఇన్నింగ్సులో మంచి బ్యాటర్లు వరుసగా ఆలస్యంగా బ్యాటు ఊపుతుంటే గన్ ఒడిలోకి దిగుతుంది, చూపులు బ్యాటర్ మోకాళ్ళ మీదికి, క్యాచర్ గ్లవ్ మీదికి మారతాయి. నేను గమనించినంతలో పొట్టి పిచర్ గెలవగలిగేది ఈ రెండో ఇన్నింగ్సులోనే, కానీ అక్కడిదాకా కోచ్ కూర్చుని ఉండాలంటే మొదటి ఇన్నింగ్సులో గన్ మీద కనిపించే అంకె మరీ తక్కువగా ఉండకూడదు.

శరీర పరిమాణం అంటే ఎత్తొక్కటే కాదు, బరువూ కండా కూడా. మన ఇళ్ళ గురించి ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. పిచర్‌కు తొడలు, పిరుదులు, వీపు, భుజాలు బలంగా ఉండాలి. ఒలింపిక్ పిచర్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో, బంతి విసిరేటప్పుడు భుజం కీలును బయటికి లాగే బలం సగటున శరీర బరువులో 80 శాతం దాకా ఉన్నట్టు తేలింది. వారాంతంలో నాలుగైదు మ్యాచులు వేసే పిల్ల ఆ లాగుడును వందల సార్లు తట్టుకోవాలి. కండ లేని పిల్ల భుజం దాన్ని ఎక్కువ కాలం మోయలేదు. అలాంటి పిల్ల సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళితే, లావయ్యావనీ, భుజాలు మగపిల్లాడిలా వచ్చాయనీ, ఇక ఆటలు చాలనీ పెళ్ళింట్లో నలుగురూ అంటారు. ఆ మాటలు ప్రేమతో అన్నవే కావచ్చు, కానీ పదిహేనేళ్ళ పిల్ల వాటిని విని అన్నం తగ్గిస్తుంది. అప్పటికే మైదానంలో పొట్టి అనిపించుకుంటున్న పిల్లకు ఇంట్లో లావు అనిపించుకోవడం భరించరాని భారం. అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ముందే ఫోన్ చేసి, పిల్ల శరీరం గురించి దయచేసి ఎవరూ మాట్లాడవద్దని చెప్పుకోవడం తల్లిగా మన బాధ్యత. శాకాహార ఇళ్ళలో పప్పు, పెరుగు, పనీరు, సోయా, గింజలు రోజుకు ఎంత తింటున్నదీ లెక్క చూసుకోవాలి. గ్లాసెడు పాలు ఇచ్చి సరిపెట్టుకుంటే చాలదు. నెలసరి తప్పుతున్నా, ఎప్పుడూ నీరసంగా ఉంటున్నా ఆటల వైద్యంలో అనుభవమున్న డాక్టరుకు చూపించాలి.

డబ్బు విషయం కూడా ఎంపికల మీద ప్రభావం చూపుతోంది. చాలా ఏళ్ళ పాటు డివిజన్ 1 సాఫ్ట్‌బాల్ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటిని ముక్కలు చేసి జట్టంతటికీ పంచేవారు. 2025లో కాలేజీ క్రీడాకారులకు చెల్లింపుల కేసులో కోర్టు ఆమోదించిన ఒప్పందం తరువాత, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయింది, దాని స్థానంలో జట్టుకు 25 మంది అన్న పరిమితి వచ్చింది. చోట్లు తగ్గిన చోట, పిచింగ్ చేస్తూ అవసరమైతే బ్యాటు కూడా పట్టగల అమ్మాయి విలువ పెరుగుతుందని నా అంచనా. కాలేజీ మారదలచిన ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఈ లెక్కను ఇంకా మార్చింది. పెద్ద జట్లు హైస్కూలు పిల్లల మీద పందెం కాయడం కన్నా, వేరే కాలేజీలో రెండేళ్ళు గెలిచి చూపించిన పిచర్‌ను తెచ్చుకోవడానికి ఇష్టపడుతున్నాయి. దీనివల్ల పదిహేడేళ్ళ పిల్లలకు తలుపులు కొన్ని మూసుకుపోయిన మాట నిజమే. కానీ పొట్టి పిచర్‌కు ఇదొక కొత్త దారి కూడా, ఎందుకంటే చిన్న కాలేజీలో ఆమె సాధించిన ఫలితాల పక్కన ఆమె ఎత్తును ఎవరూ పట్టించుకోరు.

మనవాళ్ళు డివిజన్ 1 దగ్గరే ఆగిపోకుండా మిగతా స్థాయులను కూడా శ్రద్ధగా చూడాలని నా కోరిక. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్పులుండవు, చదువుకూ కుటుంబ ఆదాయానికీ సంబంధించిన సహాయం ఉంటుంది. ఎంఐటీ, ఎమరీ, షికాగో విశ్వవిద్యాలయం వంటివి ఈ స్థాయిలోనే ఆడతాయి. మా టెక్సస్‌లో యూటీ టైలర్ విశ్వవిద్యాలయం 2016లో డివిజన్ 3 టైటిల్, ఆ తరువాత పై స్థాయికి వెళ్ళి 2024లో డివిజన్ 2 టైటిల్ గెలిచింది. ఈ మ్యాచులు స్వయంగా చూస్తే తెలుస్తుంది, ఆట నాణ్యతలో చిన్నచూపు చూడవలసినదేమీ లేదు. మంచి మార్కులు, 60 మైళ్ళ బంతి, నమ్మదగిన చేంజప్ ఉన్న 5 అడుగుల 4 అంగుళాల అమ్మాయికి ఇక్కడ సర్కిల్‌లో నిలబడి పిచింగ్ చేసే అవకాశం నిజంగా ఉంటుంది. పెద్ద పేరున్న జట్టులో నాలుగేళ్ళు బెంచి మీద కూర్చోవడం కన్నా ఇది మేలని నేను నమ్ముతాను.

ఇక కోచ్‌లకు రాసే ఈమెయిల్ సంగతి. అందులో ఎత్తు ఉన్నది ఉన్నట్టు రాయాలి, క్యాంపులో మొదటి రోజే నిజం తెలిసిపోతుంది. వీడియోలో మొదట పక్కనుంచి తీసిన దృశ్యం పెడితే అడుగు పొడవు, బంతి వదిలే చోటు కోచ్‌కు వెంటనే కనిపిస్తాయి. తరువాత క్యాచర్ వెనకనుంచి తీసినవి పెట్టాలి, వాటిలో స్ట్రైకౌట్లతో పాటు బ్యాటర్ బ్యాటు సగంలో ఆగిపోయిన బంతులు, బలహీనంగా నేలకు తగిలిన బంతులు కూడా ఉండాలి. రాడార్ అంకెను వీడియోలో కనిపించేలా పెట్టాలి, స్పిన్ కొలిచిన లెక్క ఉంటే అది కూడా జత చేయాలి. చివరగా ఏ టోర్నమెంటులో, ఏ మైదానంలో, ఏ సమయానికి పిచింగ్ ఉందో రాసి, ఆ సమయం మారితే ఆ రోజే మరో సందేశం పంపాలి. పదకొండో తరగతి సెప్టెంబరుకు ముందు డివిజన్ 1 కోచ్‌ల నుంచి జవాబు రాకపోతే కంగారు పడనక్కరలేదు. అప్పటి దాకా జవాబివ్వడానికి నియమాలే ఒప్పుకోవు, చదివే కోచ్‌లు మాత్రం చదువుతూనే ఉంటారు.